రాజు రాణి అయిన కథ

పిల్లలూ! రాజు వేటకు పోయినట్టూ, రాజు మారువేషం వేసినట్టూ మీరు ఎన్నో కథలు విని ఉంటారు. రాజే రాణిగా మారిపోయిన కథ ఎప్పుడైనా విన్నారా? మా ఇంట్లో అటువంటిదే జరిగింది. ఇది కట్టుకథ కాదు, నేను కళ్ళారా చూసింది.

మా ఇల్లు హైదరాబాదులో నాంపల్లి స్టేషనుకు దగ్గర, ఒక సందులో ఉన్నది. ఇక్కడికి రైలు కూత వినబడుతుంది గాని సముద్రపు హోరు వినబడదు. సముద్రం 250 కిలోమీటర్లకు పైగా దూరం! అయినా మా ముందుగదిలో ఒక చిన్న సముద్రం ఉన్నది. అది 200 లీటర్ల గాజుతొట్టి. సముద్రపు నీటిలో లీటరుకు సుమారు 35 గ్రాముల ఉప్పు ఉంటుంది. మరి మా తొట్టికి ఎంత ఉప్పు కావాలో మీరే లెక్క కట్టండి. 7 కిలోలు! ఇది కూరలో వేసే ఉప్పు కాదు. మెగ్నీషియం, కాల్షియం వంటివన్నీ పాళ్ళ ప్రకారం కలిపిన ఉప్పు. నీళ్ళు ఎప్పుడూ 26 డిగ్రీల వేడిమిలో ఉండాలి.

తొట్టిలో రాళ్ళు పేర్చి పగడపు దిబ్బలాగా కట్టాము. కాని ప్రాణమున్న రాతి పగడాలు పెట్టలేదు. 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టంలో 2001లో రాతి పగడాలను కూడా చేర్చారు. వాటిని మన సముద్రంలోంచి పెరికి తేవటం నేరం. దిబ్బ మధ్య ఒక మట్టికుండను పక్కకు పడుకోబెట్టాము. అదే మా చేపల కోట.

ఇక చేపల సంగతి. నారింజ రంగు ఒళ్ళు, దాని మీద మూడు తెల్లని పట్టీలు. సర్కసులో బఫూను ముఖానికి రంగు పూసుకున్నట్టు ఉంటుంది కనుక దీనికి క్లౌన్ చేప అని పేరు వచ్చింది. సముద్రంలో ఇది ఎనిమోన్ అనే జంతువు చేతుల మధ్య కాపురముంటుంది. ఎనిమోన్ చూడటానికి పువ్వులాగే ఉంటుంది గాని, దాని చేతులకు కుట్టే ముళ్ళుంటాయి. వేరే చేపలు దగ్గిరికి వెళితే చచ్చిపోతాయి. క్లౌన్ చేప ఒంటి మీది జిగురు దానిని కాపాడుతుంది. ఇంటి తొట్టిలో ఎనిమోన్‌ను పెంచటం కష్టం. అది లేకపోయినా ఈ చేప ఏ కుండ మూతినో తన ఇల్లుగా చేసుకుని సుఖంగా బతుకుతుంది.

మా తొట్టిలో మొదట రెండు ఉండేవి. పెద్దది రాణి, చిన్నవాడు రాజు. ఒక వేసవిలో మేము రెండు రోజులు ఊరు వెళ్ళాము. ఆ సమయంలో నీటి పంపు ఆగిపోయింది. బయలుదేరే ముందు దాని తీగలు సరిచూసుకోకపోవటం నా తప్పే. వచ్చేసరికి రాణి చచ్చి తేలుతున్నది. రాజు మాత్రం కుండ మూతి దగ్గర ఎగశ్వాస పీలుస్తున్నాడు. ఎలాగో బతికాడు.

రెండు నెలలు గడిచాయి. ఐదో తరగతి చదివే మా అమ్మాయి రోజూ తొట్టి దగ్గర కూచునేది. "నాన్నా, రాజు ఒక్కడే అయిపోయాడు. ఇంకో రాణిని తెద్దాం," అని పోరు పెట్టింది.

వియ్యానికైనా కయ్యానికైనా సమ ఉజ్జీ ఉండాలని పెద్దల మాట. అంచేత నేను దుకాణానికి వెళ్ళి, ఎవరినీ ఏమీ అడగకుండా, సరిగ్గా రాజు అంత చేపను ఏరి తెచ్చి తొట్టిలో వదిలాను. తీరా చూద్దును గదా, వియ్యం లేదు, కయ్యమే! రెండూ దవడలు పట్టుకుని గింగిరాలు తిరిగాయి. అరగంటలో రాజు తోక చీలికలైంది. కొత్త చేప మూతి నుంచి పొర ఊడింది. మా అమ్మాయి ఏడుస్తుండగా వలతో కొత్తదాన్ని తీసి వేరే తొట్టిలో వేశాను.

మర్నాడు దాన్ని తిరిగి ఇవ్వబోతే దుకాణదారు తల పట్టుకున్నాడు. "ఒక్క మాట అడిగితే చెప్పేటోణ్ణి గద సార్! జోడీ చెయ్యాలంటే సమానమైంది కాదు, సగముండేది తీస్కపోవాలె," అన్నాడు.

ఎందుకో నాకు అర్థం కాలేదు. ఆ ఆదివారం ఆబిడ్సులో ఫుట్‌పాత్ మీద పరిచే పాత పుస్తకాలలో వెతికితే సముద్రపు చేపల మీద ఒక పుస్తకం దొరికింది. దానితో మొదలుపెట్టి ఇంకా నాలుగు చోట్ల చదివాను. చదివిన కొద్దీ ఆశ్చర్యం వేసింది.

క్లౌన్ చేపల్లో పుట్టుకతో ఆడది ఉండదు. పెరిగేటప్పుడు ముందు మగదే అవుతుంది. ఒక ఎనిమోన్‌లో ఉండే గుంపులో అన్నిటికంటె పెద్దది ఆడది. దాని తరవాతిది దాని జత అయిన మగది. మిగతావి చిన్నవి, తమ వంతు కోసం కాచుకుని ఉంటాయి. ఆడది చనిపోతే మగదే ఆడదిగా మారుతుంది! మారాక మళ్ళీ మగది కాలేదు. ఈ విషయం మీద హాన్స్ ఫ్రికె, సిమోన్ ఫ్రికె అనే శాస్త్రజ్ఞులు 1977లో 'నేచర్' పత్రికలో రాశారు. పీటర్ బస్టన్ అనే ఆయన 2003లో ఇంకొక సంగతి చెప్పాడు. చిన్న చేప తన పైదానికంటె పెద్దది కాకుండా తన పెరుగుదలను తానే అదుపులో పెట్టుకుంటుందట. సమానమైతే పోట్లాట తప్పదు మరి!

అదే 2003లో వచ్చిన 'ఫైండింగ్ నీమో' సినిమా మీలో చాలామంది చూసి ఉంటారు. అందులో తల్లి పోతే తండ్రి బిడ్డను పెంచుతాడు. నిజమైన సముద్రంలో అయితే ఆ తండ్రే కొన్నాళ్ళకు తల్లి అయ్యేవాడు.

అయితే మా రాజుకు కావలసింది రాణి కాదన్నమాట! చిన్న మగపిల్లవాడు కావాలి.

రాజు తోక మానేదాకా ఆగాము. జనవరిలో, నుమాయిష్ జరిగే రోజుల్లో, ఆబిడ్సు వైపు నుంచి ఒక బుల్లి చేపను తెచ్చాము. సముద్రంలో పట్టినది కాదు, తొట్టిలోనే పుట్టి పెరిగినది. మన దేశంలో కేంద్ర సముద్ర మత్స్య పరిశోధన సంస్థ వారు కూడా ఈ చేపలకు గుడ్లు పెట్టించి పిల్లలను పెంచే పద్ధతి సాధించారు. స్టేషను రోడ్డంతా నుమాయిష్‌కు పోయే జనం. చలికి నీళ్ళు చల్లబడకుండా సంచీని శాలువాలో చుట్టి, పసిబిడ్డను ఎత్తుకున్నట్టు ఎత్తుకుని నడిచింది మా అమ్మాయి. వాడికి బుడ్డోడు అని పేరు కూడా దారిలోనే పెట్టింది.

మొదట మూడు వారాలు వేరే తొట్టిలో ఉంచి జబ్బేమీ లేదని చూసుకున్నాము. తరవాత చిల్లులున్న డబ్బాలో పెట్టి రాజు తొట్టిలోనే వేలాడదీశాము. ఒకరినొకరు చూడవచ్చు, కరవటానికి మాత్రం వీలు లేదు. మొదటి రోజు రాజు డబ్బాను పొడుస్తూనే ఉన్నాడు. వారానికి ఊరుకున్నాడు.

ఎనిమిదో రోజు సాయంత్రం దీపం తగ్గించి బుడ్డోణ్ణి వదిలాను. రాజు బాణంలా వచ్చి మీద పడ్డాడు! టకటకమని దవడల చప్పుడు మాకే వినబడింది. బుడ్డోడు పక్కకు ఒరిగి ఒళ్ళంతా గడగడ వణికించాడు.

"నాన్నా, చంపేస్తున్నాడు! తీసెయ్!" అని అమ్మాయి కేక పెట్టింది.

వల నా చేతిలోనే ఉన్నది. తొందరపడి ఒకసారి తప్పు చేశాను. ఇప్పుడు ఆలస్యం చేసి ఇంకో తప్పు చేస్తున్నానా? గుండె దడదడలాడింది. కాని చదివింది గుర్తు వచ్చింది. ఆ వణుకు భయం కాదు, "నువ్వే పెద్దవు, నేను ఒప్పుకున్నాను," అని చెప్పే భాష. రెక్క చీలినా, మూలకు నక్కి మేత ముట్టకపోయినా వెంటనే తీసెయ్యాలి. అంతవరకు ఓపిక పట్టాలి.

రాజు ఇంకోసారి వచ్చాడు. బుడ్డోడు ఇంకోసారి వణికాడు. మూడోసారి రాజు ఆగి, వాడి చుట్టూ ఒకసారి తిరిగి, కుండ వైపు వెళ్ళిపోయాడు. నేను వల కింద పెట్టాను. మూడో రోజుకు ఇద్దరూ కలిసి మేత తిన్నారు. రెండో వారానికి ఒకే కుండలో పడుకున్నారు.

ఏడాదిన్నర గడిచింది. రాజు బాగా పెరిగాడు, బుడ్డోడు పెద్దగా పెరగలేదు. ఒక ఉదయం కుండ గోడ మీద నారింజ రంగు గింజలు అంటించినట్టు కనిపించాయి. గుడ్లు! బుడ్డోడు రెక్కలతో వాటికి నీళ్ళు విసురుతున్నాడు, పాడైనవాటిని ఏరేస్తున్నాడు. ఈ చేపల్లో గుడ్లను కాసే పని ఎక్కువగా తండ్రిదే. వారం తరవాత, దీపం ఆర్పిన గంటకు, ఆవగింజంత పిల్లలు నీళ్ళలోకి వచ్చాయి. వాటికి పెట్టే కంటికానని మేత మా దగ్గర లేదు, అవి దక్కలేదు. ఈసారికి ఆ మేత పెంచటం నేర్చుకుంటున్నాము.

పిల్లలూ, ఇది చదివి ఇప్పుడే చేప కావాలని మీ అమ్మానాన్నలను వేధించకండి. క్లౌన్ చేప 20 ఏళ్ళు కూడా బతకగలదు. అంటే మీరు చదువు ముగించి ఉద్యోగంలో చేరినా దానికి మేత వెయ్యవలసిందే. ఆ లెక్క వేసుకున్నాక కొనండి.

గుడ్లు కనబడ్డ ఉదయం మా అమ్మాయి ఎగిరి గంతేసి, "నాన్నా, రాజు గుడ్లు పెట్టాడు!" అని అరిచింది. అరిచి ఒక్క క్షణం ఆగింది. "కాదు, కాదు... రాజు గుడ్లు పెట్టింది!" అని తన వ్యాకరణం తనే దిద్దుకున్నది.