పదహారా? పద్దెనిమిదా?

మొన్న సంక్రాంతి సెలవుల్లో మా ఇంట్లో పది రోజులపాటు "పదహారా, పద్దెనిమిదా" అన్న వాదన జరిగింది. మా వాడు ఫోనులో స్నేహితుడితో పడే ఆ గొడవ గోడ అవతలి నుంచి విన్న పక్కింటక్క, ఏదో పెళ్లి సంబంధం అనుకుని, "పదహారయితే వద్దు తల్లీ, పోలీసులొస్తారు" అని సలహా కూడా ఇచ్చింది. అది అమ్మాయి వయసు కాదు, కంప్యూటర్ జ్ఞాపకశక్తి లెక్క అని నచ్చజెప్పేసరికి నా తల ప్రాణం తోకకొచ్చింది.

నేను బి.ఏ. చరిత్ర చదివినదాన్ని. మా వాడు ఇంజనీరింగు. ముక్కలు ముక్కలుగా సామాను తెప్పించి, వెలుగోడులో మా మధ్య గదిలో ఒక కంప్యూటర్ కూర్చాడు. పగలు అది వాడి ఆటలకి, రాత్రి నా నవలకి. ఉన్న వేగంతో తృప్తిపడితే వాడు నా కొడుకెందుకవుతాడు? చెప్పినదానికంటే వేగంగా పరుగెత్తించడాన్ని ఓవర్‌క్లాకింగ్ అంటారట.

వాడి పాఠం నా భాషలో చెబుతాను. ర్యామ్ మన సామాన్ల అలమర లాంటిది. ఒక అర తలుపు తెరవడానికి కొంత వ్యవధి, తెరిచాక కావలసిన డబ్బా అందుకోవడానికి కొంత, అది మూసి మరో అరకు పోవడానికి ఇంకొంత. తెరిచిన తలుపు కనీసం ఎంతసేపు తెరిచి ఉండాలన్నది నాలుగోది. ర్యామ్ అట్ట మీద 16-18-18-36 అని అచ్చయినవి ఇవే. మొదటి అంకె డబ్బా అందుకునేది. ఇవి సెకన్లు కావు, గడియారం టిక్కులు.

అంకె చిన్నదైతే వేగం ఎక్కువ అనుకున్నాను. కాదట. 3200 వేగంలో 16 టిక్కులన్నా, 3600 వేగంలో 18 టిక్కులన్నా సరిగ్గా 10 నానోసెకన్లే. "మరి 3600తో లాభమేమిట్రా?" అంటే, "మొదటి డబ్బా అప్పుడే వస్తాది మా. దాని ఎనకొచ్చేటివి బిరబిరా వస్తాయి" అన్నాడు.

వాడికి రెండూ కావాలి. 3600 వేగమూ ఉండాలి, 16 టిక్కులూ ఉండాలి. మొదటిసారి ఫ్యాన్లు తిరిగాయిగానీ తెర మీద చీకటి. మదర్‌బోర్డు మీది రూపాయి బిళ్లంత బ్యాటరీ పీకి పెడితే పాత లెక్కలకు వచ్చింది. వోల్టేజి 1.35 నుంచి 1.4కి పెంచాడు. ఈసారి లేచి కూర్చుంది. వాడి సంబరం చూడాలి!

అక్కడ ఆగినా బాగుండేది. ర్యామ్‌లో ప్రతిదీ చిటికెడు విద్యుత్తుగా నిలుస్తుంది. అది కారిపోతూ ఉంటుంది గనక 64 మిల్లీసెకన్లలోగా చదివి మళ్లీ నింపుతుండాలి. (పాలవాడి లెక్క గంటకోసారి గుర్తు చేస్తే తప్ప మా వారికి నిలవదు. ఆయన్ను ఇక తిట్టను.) ఈ నింపుడు పనికి అడ్డమొస్తోందని మా వాడు దాని వ్యవధిని సాగదీశాడు. చలికాలం బాగానే గడిచింది. తర్వాత మే నెల వచ్చింది. మా వైపు ఎండలు మీకు చెప్పాలా? వేడెక్కేకొద్దీ ఆ కారడం ఎక్కువవుతుందట.

ఒక రాత్రి నా నవల పదకొండో అధ్యాయం తెరుచుకోలేదు. వాడు ఏవో తంటాలు పడి తెరిచాడుగానీ, సగం నుంచి అక్షరాలు కావు, చీమల బారు. పెన్‌డ్రైవులో దాచిందీ ఆ చెడిపోయిన దాని నకలే. 1981లో శ్రీశైలం జలాశయం కింద ఊరు పోగొట్టుకున్న ఒక అవ్వ చెప్పిన కథ అది. రాసుకున్న కాగితాలు టైపు అయ్యాయి కదా అని పాత పేపర్లతో కలిపి అమ్మేశాను. ఆ అవ్వ కిందటేడు పోయింది.

నేను వాణ్ణి ఒక్క మాట అనలేదు. అంటే బాగుండేదని వాడి మొహం చూస్తే అనిపించింది.

తెలుగుగంగ కాలువల మీద పనిచేసే మా వారే అందుకున్నారు. "పోతిరెడ్డిపాడులో నీళ్లు వదిలినారని ఈడ అప్పుడే తూము ఎత్తుతామా? బానకచర్ల దాటి రావద్దూ? నీళ్లు వచ్చే టయం నువ్వు చెప్తావా, కాలువ చెప్తాదా?" అన్నారు. (మా వెలుగోడు జలాశయం 16.95 టి.ఎం.సి.లు. అదీ పదహారుకూ పద్దెనిమిదికీ మధ్యనే!)

వాడు మారు మాట్లాడకుండా 3200కు దిగాడు. అట్ట మీది 16-18-18-36, వోల్టేజి 1.35, నింపే వ్యవధి మామూలుగా ఉండేది. లేచినంత మాత్రాన నమ్మకూడదని మెమ్‌టెస్ట్ పెట్టాడు. ర్యామ్‌లో ఏదో రాసి, అదే తిరిగి వస్తోందా అని గంటల తరబడి సరిచూసే పరీక్ష అది. వాడు పక్కన చాప మీదే పడుకున్నాడు.

నేను తెల్ల కాగితాలు తెచ్చుకుని పదకొండో అధ్యాయం చేత్తో మొదలుపెట్టాను. తెల్లారేసరికి తెర మీద నాలుగు విడతలు పూర్తయి, తప్పులు 0 అని ఉంది. నాకు ఏడు పేజీలు వచ్చాయి. ఎనిమిదో పేజీలో ఆ ఊరి బావిని అవ్వ ఒక పేరుతో పిలిచేది. ఎంతకూ గుర్తు రాక, అక్కడ ఖాళీ వదిలి ముందుకు పోయాను.