అత్తమ్మ కంటి చుక్కలు

రాత్రి తొమ్మిదిన్నరకి మా ఇంట్లో ఒక పని ఉంటుంది. అంట్లు తోమడం అయ్యాక సబ్బుతో చేతులు కడుక్కుని, చిన్న మందు సీసా తీసుకుని అత్తమ్మ మంచం దగ్గరికి వెళతాను. ఆమె తల వెనక్కి వాలుస్తుంది. కింది రెప్ప మెల్లగా లాగి కంటికి ఒక్కో చుక్క వేస్తాను. తర్వాత రెండు నిమిషాలు కళ్ళు మూసుకుని, ముక్కు పక్కన వేలితో అదిమి పట్టుకోవాలి. ఆ రెండు నిమిషాలూ ఇద్దరం ప్రార్థన చేసుకుంటాం.

తొమ్మిదేళ్ళుగా ఇదే పని. మధ్యలో ఒక నాలుగు నెలలు ఆగింది. ఆపింది నేనే. ఇన్నాళ్ళూ ఎవరికీ చెప్పుకోలేదు, ఈరోజు మీతో చెబుదామని కూర్చున్నాను.

మాది శివ్వంపేట. మొదట్లో అత్తమ్మ గడప తట్టుకుని పడిపోయేది, పక్కనే పెట్టిన నీళ్ళ చెంబు తన్నేసేది. వయసు కదా, శుక్లం వచ్చి ఉంటుంది, ఆపరేషన్ చేయిస్తే సరిపోతుంది అనుకున్నాం. హైదరాబాద్ తీసుకెళ్ళి చూపిస్తే నీటికాసులు అన్నారు. గ్లకోమా. కంటి లోపల ఒత్తిడి పెరిగి, చూపును మెదడుకు చేర్చే నరం దెబ్బతింటుందట. చాలామందికి నొప్పి ఉండదు. ముందు పక్క చూపు పోతుంది కాబట్టి మనిషికి తెలియను కూడా తెలియదు. శుక్లం అయితే తీసేయొచ్చు, ఇది అలా కాదు. "పోయిన చూపు తిరిగి రాదమ్మా, ఉన్నది పోకుండా చూసుకోవడమే మన పని" అన్నారు డాక్టరుగారు.

ఆ మాట నాకు నచ్చలేదు. గుడ్డివాళ్ళకి చూపునిచ్చిన ప్రభువును నమ్ముకున్నవాళ్ళం కదా! ప్రతి శుక్రవారం ఉపవాసం ఉన్నాను. సంఘంలో అందరూ ప్రార్థన చేశారు. మూడేళ్ళు గడిచాయి. చూపు రాలేదు. ఎవరో ఒకరు "ఎక్కడో విశ్వాసంలో లోటుంది" అనేవారు. ఆ మాట ముల్లులా గుచ్చుకునేది.

అప్పుడు ఒక కూడికలో ఒకావిడ సాక్ష్యం విన్నాను. మందులన్నీ పారేసి ప్రార్థన మీదే ఆనుకున్నాననీ, స్వస్థత కలిగిందనీ చెప్పింది. ఇంటికొచ్చేదాకా అదే ఆలోచన. రోజూ చుక్కలు వేస్తున్నానంటే దేవుణ్ణి పూర్తిగా నమ్మనట్టే కదా? లోటు నా దగ్గరే ఉందేమో? ఆ రాత్రి అత్తమ్మతో, "ఇక మందు ఆపుదాం అత్తమ్మా, దేవుడే చూసుకుంటాడు" అన్నాను. ఆమె కాసేపు మాట్లాడలేదు. "నీ ఇష్టం బిడ్డా, ఏసేది నువ్వే కదా" అంది.

నాలుగు నెలల తర్వాత పరీక్షకి వెళితే ఒత్తిడి బాగా పెరిగిపోయింది. ఎడమ కంట్లో మిగిలిన కాస్త చూపులో ఇంకా కొంత పోయింది. నేను ఉన్నది ఉన్నట్టు చెప్పాను. డాక్టరుగారు తిట్టలేదు. "మళ్ళీ మొదలుపెట్టండి" అని చీటీ రాసిచ్చారు. తిట్టినా బాగుండేది.

ఆ రాత్రి అత్తమ్మ కాళ్ళ దగ్గర కూర్చుని ఏడ్చాను. ఆమె చేతితో తడుముకుంటూ నా తల పట్టుకుంది. "ఏడ్వకు బిడ్డా. ఏసుప్రభువును సైతాను గుడి మీదికెల్లి దుంకుమన్నడు. దేవదూతలు పట్టుకుంటరన్నడు. ప్రభువు దుంకిండా? దుంకలే. మెట్లు దిగే వచ్చిండనుకుంటా" అంది. ఏడుపులోనే నవ్వొచ్చింది. ఇన్నేళ్ళు వాక్యం చదివినా నాకు తట్టని సంగతి అది. నేను విశ్వాసం అనుకున్నది దేవుడితో కట్టిన పందెం. అది కూడా నా కళ్ళు పెట్టి కాదు, ఆమె కళ్ళు పెట్టి.

ఆమె క్షమించింది కానీ నా లోపల మాత్రం ఏదో ఎండిపోయింది. చుక్కలు వేస్తున్నాను, చర్చికి వెళుతున్నాను, పాటలు పాడుతున్నాను. రెండు నిమిషాల ప్రార్థనలో పెదవులు కదిలేవి, మనసు గోడలా ఉండేది. అలా ఏళ్ళు గడిచాయి. ఇలాంటి కాలం మీలో కొందరికైనా తెలిసే ఉంటుంది. బయటికి అంతా మామూలుగానే ఉంటుంది.

2024 డిసెంబరులో అత్తమ్మ మెదక్ గుడికి తీసుకుపొమ్మంది. గుడికి నూరేళ్ళు నిండుతున్నాయి కదా. పండగనాడు ఆ జనంలో ఆమెను నడిపించలేనని, ముందుగానే ఒక మామూలు రోజు బయలుదేరాం. నర్సాపూర్‌లో బస్సు మారి, కౌడిపల్లి, కొల్చారం మీదుగా వెళ్ళాం. 175 అడుగుల గోపురం దూరం నుంచే కనిపిస్తుంది. "వచ్చినమా?" అని అడిగింది. చెప్పాను.

లోపలికెళ్ళే ముందు చుట్టూ తిప్పాను. బయటి నుంచి చూస్తే ఆ రంగుటద్దాల కిటికీలు నల్లగా, మసిబారినట్టు ఉంటాయి. లోపలికి వెళ్ళి నిలబడితే మాత్రం, ఎండ పడి ఎరుపూ నీలమూ బంగారు రంగూ వెలిగిపోతాయి. ఎదురుగా ప్రభువు ఆరోహణం, పక్కల్లో ఒకవైపు జననం, ఒకవైపు సిలువ. అత్తమ్మకు వెలుతురు తెలుస్తుంది, బొమ్మ తెలియదు. "ఏమేం రంగులున్నయో చెప్పు" అంది. ఒక్కొక్కటీ చెప్పాను. చిన్నపిల్లలా విన్నది.

తర్వాత బెంచీ మీద కూర్చుని చెప్పింది. వాళ్ళ తాత ఈ గుడికి రాళ్ళు మోశాడట. కరువు రోజులు. పాస్నెట్ దొర ఊరికే గింజలు పంచకుండా పని కల్పించి తిండి పెట్టాడని మెదక్ దిక్కు ఇప్పటికీ చెప్పుకుంటారు. 1914లో మొదలైన పని 1924 క్రిస్మస్ నాటికి పూర్తయి ప్రతిష్ఠ జరిగింది. ఆనాడు ఈ రంగుటద్దాలు లేవు. ఆరోహణం కిటికీ 1927లో వచ్చింది, జననం 1947లో, సిలువ 1958లో. "సిలువ అద్దం పెట్టేనాటికి తాత లేడు. ఆయన మోసినప్పుడు రాయే కనపడ్డది, గుడి కనపడలే" అంది అత్తమ్మ.

ఇంటికొచ్చాక హెబ్రీ పత్రిక 11వ అధ్యాయం తీశాను. ఎన్నిసార్లు చదివుంటాను! ఈసారి చివరి వచనాల దగ్గర ఆగిపోయాను. కత్తి నుంచి తప్పించుకున్నవాళ్ళు అక్కడ ఉన్నారు. మూడు వచనాల తర్వాత, కత్తికి బలైపోయినవాళ్ళూ ఉన్నారు. దేవుడి వాక్యం ఇద్దరినీ విశ్వాసుల లెక్కలోనే వేసింది. జవాబు రానివాళ్ళ విశ్వాసంలో లోటుందని ఎక్కడా రాయలేదు. ఆ పేజీ మీద చెయ్యి పెట్టుకుని చాలాసేపు కూర్చున్నాను. ఏళ్ళ తరబడి గుచ్చుకున్న ముల్లు ఆ రాత్రి ఊడింది.

చుక్కల మందు కూడా అంతే కదా అనిపించింది. వేసినందుకు ఏ రోజూ మార్పు కనిపించదు. నిన్నటికన్నా ఈరోజు బాగా కనపడుతోంది అనే మాట ఉండదు. కానీ మానేస్తే ఏమవుతుందో నాకు తెలుసు. ప్రార్థన ఎండిపోయిన రోజుల్లో కూడా నన్ను ఏదో నిలబెట్టే ఉంచింది. అది నాకు కనపడలేదు.

అక్కలూ, చెల్లెళ్ళూ, ఒక మాట. ఈ జబ్బు రక్తసంబంధీకుల్లో వచ్చే అవకాశం ఎక్కువట. మా ఆయనకి కూడా పరీక్ష చేయించాం, ఏటేటా రమ్మన్నారు. మీ ఇంట్లో ఎవరికైనా నీటికాసులు ఉంటే, నలభై దాటినవాళ్ళు కంటి ఒత్తిడి చూపించుకోండి. మందు ఆపమని ఎవరు చెప్పినా, మీ మనసే చెప్పినా, ఆపకండి.

నేను ఇప్పటికీ అత్తమ్మకు చూపు ఇయ్యమని ప్రభువును అడుగుతాను. ముందు చుక్క వేసి, తర్వాత అడుగుతాను.