సబ్బుల కంపెనీ నుంచి టెలిఫోన్ పీఠానికి

దేశం విడిచి వచ్చినవాళ్ళకి ఫోను విలువ వేరే చెప్పాలా? మేం ఇంగ్లండ్ వచ్చిన కొత్తలో ఆదివారం పొద్దున్నే వీధి చివర బూత్‌కి వెళ్ళి, బీటీ వారి పచ్చ ఫోన్‌కార్డు దూర్చి ఇంటికి ఫోన్ చేసేవాళ్ళం. పక్కింటివాళ్ళు అమ్మని పిలుచుకొచ్చేలోపే సగం యూనిట్లు అయిపోయేవి. అలా మన కబుర్లూ కన్నీళ్ళూ మోసిన ఆ కంపెనీకి 2024 ఫిబ్రవరి 1న మొట్టమొదటిసారి ఒక మహిళ సారథి అయింది. ఆవిడ పేరు ఆలిసన్ కిర్క్‌బీ.

స్కాట్లాండ్ ఆడపడుచు. టెలికం అనగానే మనం ఇంజినీరింగ్ డిగ్రీ వెతుకుతాం కదా, ఆవిడకి అది లేదు. గ్లాస్గోలో అకౌంటింగ్ చదివింది. సబ్బులూ షాంపూలూ అమ్మే ప్రాక్టర్ అండ్ గాంబుల్‌లో సుమారు 20 ఏళ్ళు పనిచేసింది. అక్కణ్ణుంచి వర్జిన్ మీడియా, ఆ తర్వాత టీవీ కార్యక్రమాలు తీసే షైన్ గ్రూప్. 2014లో స్వీడన్ వెళ్ళి టెలీ2 పద్దులు చూసింది, మరుసటి ఏడాదే ఆ కంపెనీకి సీఈఓ అయింది. తర్వాత డెన్మార్క్‌లో టీడీసీ, 2020లో మళ్ళీ స్వీడన్‌లో టెలియా. అంటే, ఆవిడా మనలాగే చాన్నాళ్ళు ప్రవాసే! పరాయిచోట మూడు కంపెనీలు నడిపాకే సొంత దేశంలో పెద్ద కుర్చీ దక్కింది.

మా అమ్మాయి అకౌంటెన్సీ చదువుతానన్న రోజు మావారి ముఖం చూడాల్సింది. "కంప్యూటర్స్ తీసుకోవచ్చుగా!" అని వారం రోజులు ఒకటే నస. ఈ కిర్క్‌బీ కథ ఆయనకి రెండుసార్లు వినిపించాను. మూడోసారికి ఆయనే లేచి టీ పెట్టుకోవడానికి వెళ్ళిపోయారు.

అన్నట్టు, బీటీకీ మనకీ ఫోన్‌కార్డుతోనే చుట్టరికం అయిపోలేదు. 1986లో మహీంద్రా వాళ్ళూ బీటీ వాళ్ళూ కలిసి పెట్టిన సంస్థే తర్వాత టెక్ మహీంద్రా అయింది. 2009లో మన హైదరాబాద్ సత్యం కంప్యూటర్స్ మునిగిపోతుంటే చెయ్యి అందించింది ఆ సంస్థే. ఇక 2024లో మన దేశపు భారతీ గ్రూపు బీటీలో 24.5 శాతం వాటా కొంది. ఒకప్పుడు మనల్ని ఏలిన దేశపు టెలిఫోన్ కంపెనీలో ఇంత వాటా మనవాళ్ళ చేతికి వస్తుందని మా నాన్నకి చెబితే నమ్మేవారు కాదు.

అయితే పొగడ్తతో ఆపేస్తే సగమే చెప్పినట్టు. 2030లోపు 55,000 వరకూ ఉద్యోగాలు తగ్గిస్తామని బీటీ 2023లో, ఆవిడ రాకముందే ప్రకటించింది. ఆవిడ వచ్చిన కొద్ది నెలలకే, 2029 నాటికి ఇంకో 300 కోట్ల పౌన్ల ఖర్చు మిగల్చాలని లక్ష్యం పెట్టింది. పద్దు తెలిసిన మనిషికి ఎక్కడ కోత పెట్టాలో తెలుస్తుంది. కాని ఆ పద్దులో ఒక్కో అంకె వెనక ఒక ఇల్లుంటుంది, ఇంటి అప్పు వాయిదాలుంటాయి. మన పిల్లలు ఎంతమంది ఈ రంగంలో లేరు?

మా పక్కింట్లో ఒక పెద్దావిడ ఒంటరిగా ఉంటుంది. మెడలో ఒక మీట వేలాడుతుంటుంది. కింద పడితే అది నొక్కాలి, ఫోన్ లైను మీదుగా సహాయ కేంద్రానికి కబురు వెళ్తుంది. పాత రాగి తీగల ఫోన్లు ఆపేసి అందర్నీ ఇంటర్నెట్ లైన్లకి మార్చేస్తున్నారు. కొత్త ఫోనుకి కరెంటు కావాలి. కరెంటు పోతే, బ్యాటరీ లేకపోతే, మూగబోతుంది. ఇలాంటివాళ్ళ సంగతి తేల్చడానికి ఇంకాస్త సమయం కావాలని 2024 మేలో గడువును 2025 చివరి నుంచి 2027 జనవరికి జరిపారు. ఆ నిర్ణయం నాకు నచ్చింది.

మొదటి మహిళ అన్న మాట చప్పట్లు కొట్టడానికి బాగుంటుంది, కొడదాం. ఆవిణ్ణి కొలవాల్సిన చోటు మాత్రం మా పక్కిల్లు. రాగి తీగ తీసేశాక, ఒక చలికాలపు రాత్రి కరెంటు పోయినప్పుడు, ఆ మీట నొక్కితే అవతల ఎవరో ఒకరు పలకాలి.