నెల తప్పితే

పోయిన జూలై, ఆగస్టు, సెప్టెంబరు మూడు నెలలూ నాకు నెలసరి రాలేదు. అక్టోబరు మొదట్లో అమ్మతో చెప్పాను. అమ్మ గ్రైండర్ ఆపి నా పొట్ట వంక చూసింది. ఒక్క క్షణమే. వెంటనే చూపు తిప్పేసుకుంది గానీ, నేను గమనించానని తనకీ తెలుసు.

చాలా కోపం వచ్చింది. తర్వాత ఆలోచిస్తే తప్పు అమ్మ ఒక్కదానిదే కాదనిపించింది. మన భాషలో "నెల తప్పింది" అంటే కడుపుతో ఉందనే అర్థం. ఊరికే తప్పితే చెప్పుకోడానికి వేరే మాటేది? మా ఇంట్లో అమ్మ తెలుగు, అప్పా తమిళం. మా అవ్వ "నీళ్లోసుకుంది" అంటే ఎవరో గర్భవతి అయినట్టు. మా పాట్టి "ముళుగామ ఇరుక్కా" అంటే, అంటే తలకి పోసుకోకుండా ఉంది అంటే, అప్పుడూ గర్భవతి అయినట్టే! ఒక భాషలో పోసుకున్నా, ఇంకో భాషలో పోసుకోకపోయినా అదే. రెండు భాషలూ వచ్చిన నేను ఎటు పోను?

డాక్టరమ్మ థైరాయిడ్, ప్రొలాక్టిన్, షుగర్, ఇంకా ఏవో హార్మోన్లకి రక్తం పరీక్షలు రాసిచ్చారు. నా గడ్డం కింద మొలుస్తున్న గట్టి వెంట్రుకలు చూశారు. థైరాయిడ్ బాగానే ఉంది, మగ హార్మోను మాత్రం ఎక్కువ. పీసీఓఎస్ అన్నారు. స్కాన్ వద్దా అని అమ్మ అడిగింది. రజస్వల అయిన ఎనిమిదేళ్ల లోపు స్కాన్ చూసి దీన్ని తేల్చకూడదట. ఆ వయసులో మామూలు అమ్మాయిలకీ అండాశయం అలాగే కనిపిస్తుందట. నేను పదమూడో ఏట అయ్యాను, ఇప్పుడు పంతొమ్మిది. పేరులో సిస్ట్ అని ఉంది గానీ అవి గడ్డలు కావు, పూర్తిగా ఎదగకుండా ఆగిపోయిన గుడ్డు సంచులు. ఇన్సులిన్ సరిగ్గా పనిచెయ్యకపోతే ఒంట్లో అది ఇంకా ఎక్కువ తయారవుతుంది, అది అండాశయాన్ని రెచ్చగొట్టి మగ హార్మోన్లు పెంచుతుంది, దాంతో గుడ్డు విడుదల కాదు. గుడ్డు లేకపోతే నెలా రాదు. ఇంట్లో ఎవరికైనా షుగర్ ఉందా అని అడిగారు. అమ్మ తలొంచుకుని, మా అమ్మకి ఉంది అంది.

తర్వాత అమ్మ అడిగింది ఒకటే: "దీనికి పిల్లలు పుడతారా?"

నేను అడగాలనుకున్నది గడ్డం సంగతి. అయినా డాక్టరమ్మ జవాబు నేనే ఎక్కువ శ్రద్ధగా విన్నాను. ఇది ఉన్నవాళ్లలో చాలామందికి పుడతారు, కొందరికి ఆలస్యం అవుతుంది, అప్పుడు గుడ్డు విడుదలకి లెట్రోజోల్ లాంటి మాత్రలున్నాయి అన్నారు. ఇప్పటికి మాత్రం బరువులో ఐదు శాతం తగ్గమన్నారు. అరవై ఎనిమిది కిలోల నాకు అది మూడున్నర కిలోలు. మూడు నెలలు దాటి రాకపోతే ఊరుకోకూడదు, గర్భాశయం లోపలి పొర మందమైపోతుందని, రావడానికి మాత్రలిచ్చారు.

ఆటోలో అమ్మ, "అప్పాకి చెప్పకు, ఆయన ఊరుకున్నా అత్తకి తెలిస్తే సంబంధాల దాకా పోతుంది" అంది. అప్పాకి రక్తం తక్కువని చెప్పింది. పాపం, అప్పా ఆ రోజు నుంచి ఆఫీసు నుంచి వస్తూ ఖర్జూరాలు, కడలమిఠాయి, బీట్‌రూట్‌లో చక్కెర వేసిన జ్యూసు తేవడం మొదలుపెట్టారు. నేను వద్దంటే ఆయన ముఖం చిన్నబోయేది. తిన్నాను. మిద్దె మీద ఎంత నడిచినా ఒక నెలలో అర కిలో పెరిగాను!

మా వంటింట్లో మళిగ కొట్టు వాళ్లిచ్చిన క్యాలెండర్ ఉంది. పాల లెక్క, గ్యాస్ వచ్చిన తేదీ అమ్మ తమిళంలో రాస్తుంది. నా తేదీ దగ్గర మాత్రం తెలుగులో "న" అని రాస్తుంది. అప్పా తెలుగు మాట్లాడతారు, చదవలేరు.

కడలమిఠాయి ఆపించింది నేనే. తీపి పడటం లేదని చెప్పాను, అంతవరకే. నాలుగు ఇడ్లీలు రెండయ్యాయి, సుండల్ వచ్చింది, నడక సాగింది. జనవరికి అరవై ఐదు. నలభై ఒక్క రోజులకి ఒకసారి, ముప్పై ఆరు రోజులకి ఇంకోసారి వచ్చింది. గడ్డం వెంట్రుకలు అలాగే ఉన్నాయి, వాటికి చాలాకాలం పడుతుందట.

గోడ పత్రికకి ఇది రాస్తున్నానంటే అమ్మ, పేరు లేకుండా రాయమంది. తర్వాత, "తెలుగులోనే కదా, సరే" అంది. నాకది నచ్చలేదు. పోయిన ఆదివారం అప్పాని కూర్చోబెట్టి ఇదంతా చదివి వినిపించాను. ముళుగామ దగ్గర నవ్వారు. ఖర్జూరాల దగ్గర తల పట్టుకున్నారు. డాక్టరమ్మ షుగర్ సంగతి అడిగిన చోట ఆపమన్నారు.

"ఎంగమ్మాకుం షుగర్ దానే" అన్నారు, వంటింటి వైపు తిరిగి, అమ్మకి వినపడేలా.