నీళ్ళలో చేప

మొన్న రంజాన్ వెళ్ళిన రెండో వారం. రాత్రి ఒంటిగంటన్నరకి ఫోను. మన ఇళ్ళల్లో ఆ వేళకి ఫోను మోగితే ముందు నోట్లోంచి వచ్చేది "యా అల్లా ఖైర్". చూస్తే లీసెస్టర్ నుంచి మా మామూ కొడుకు.

"భాయిజాన్, షిప్పు కదల్లేదు."

"ఏ షిప్పురా?"

"డ్రిల్ షిప్పు. నిన్నటికే పని అయిపోవాలి. ఇంకా అక్కడే ఉంది. ఏదో తగిలినట్టే కదా?"

వాడికక్కడ రాత్రి తొమ్మిది. గోడౌన్‌లో షిఫ్టు మధ్య చాయ్ బ్రేకు. ఆఫ్రికా తీరానికి దూరంగా నడిసముద్రంలో ఒక ఓడ నిలబడి బావి తవ్వుతోంది. ఆ బావిలో వాటా ఉన్న ఒక చిన్న కంపెనీ షేర్లు లండన్‌లో, ఎయిమ్ అనే చిన్న కంపెనీల మార్కెట్లో దొరుకుతాయి. షేరు ఒకటిన్నర పెన్నీ. మా వాడి దగ్గర నాలుగు లక్షల షేర్లున్నాయి. వినడానికి నవాబు లెక్క. విలువ ఆరు వేల పౌండ్లు, అంటే వాడి రెండేళ్ళ ఓవర్‌టైమ్.

ఓడలు ఎక్కడున్నాయో చూపించే మ్యాపు ఫోన్లో ఉంటుందట. వాడూ, వాడితో పనిచేసే ఒక గుజరాతీ అతనూ, ఒక పోలండ్ అతనూ బ్రేకుల్లో ఆ మ్యాపు మీదే పడి ఉంటారు. ఓడ అనుకున్నదానికంటే ముందే కదిలిందంటే బావి ఎండు. ఆలస్యం చేసిందంటే టెస్టింగ్ చేస్తున్నారు, అంటే దొరికింది. సామాన్లు మోసే పడవ ఒడ్డుకి వెళ్ళిందా, పైపుల కోసం వెళ్ళినట్టు. కంపెనీ మాట్లాడకపోతే పెద్ద ఖుష్‌ఖబరీ దాస్తున్నట్టు. వాళ్ళ మాటలు వాడు చెబుతుంటే నాకు చాంద్ రాత్ నాడు మేడల మీద నిలబడే జనం గుర్తొచ్చారు. అదిగో అంటాడొకడు, మబ్బు అంటాడింకొకడు. చూడాలన్న ఆత్రంలో చివరికి అందరికీ కనపడుతుంది.

అయితే వాడు ఫోన్ చేసింది ఓడ గురించి కాదు. బందరులో మామూ దుకాణం వెనక జాగా అమ్మితే వచ్చిన డబ్బు ముమానీ పేరున కరెంట్ అకౌంట్లో ఉంది. హజ్ నియ్యత్ చేసుకుని పెట్టుకున్న డబ్బు. సూద్ తినకూడదని ఎఫ్‌డీ కూడా వేయలేదావిడ. అందులో సగం పంపమని అడగాలి. కొడుకు మాట కంటే నా మాట మీద ఆవిడకి భరోసా ఎక్కువ. "మీరు పేపరాయన కదా భాయిజాన్, మీరు చెబితే అమ్మీ వింటుంది."

ఫోన్ పెట్టేశాక వాడు ఒక ఫోటో పంపాడు. "అబ్బా బీరువాలో దొరికింది. ఎప్పుడూ ఫోన్లో ఉంచుకుంటాను" అని కింద రాశాడు. పసుపెక్కిన పేపర్ ముక్క. కృష్ణా గోదావరి బేసిన్‌లో 20 ట్రిలియన్ ఘనపుటడుగుల గ్యాసు, విలువ 2 లక్షల 20 వేల కోట్లు. మూడు కాలమ్‌ల హెడ్డింగు.

ఆ హెడ్డింగు నేను పెట్టిందే.

మామూకి బందరు చిలకలపూడిలో రోల్డ్ గోల్డ్ పని. రాగి మీద బంగారు పూత ఎన్నాళ్ళు నిలుస్తుందో గోరుతో గీసి చెప్పగలిగిన మనిషి. 1995 జనవరిలో కోనసీమ పాశర్లపూడిలో ఓఎన్‌జీసీ బావి అంటుకున్నప్పుడు నన్ను వెంటబెట్టుకుని తీసుకెళ్ళారు. నాకు పదిహేనేళ్ళు. నర్సాపురం దాకా బస్సు, సఖినేటిపల్లి రేవులో పంటు, అక్కణ్ణించి దొరికిన బండి. అరవై అయిదు రోజులు మండిందా మంట. కొబ్బరితోటల పైన రాత్రి పగలైపోయింది. దగ్గరి ఊళ్ళ వాళ్ళు ఇళ్ళొదిలి పరాయి పంచన ఉన్నారు, మేమేమో తమాషా చూసొచ్చాం. ఆ సంగతి తలుచుకుంటే ఇప్పుడు సిగ్గేస్తుంది. మామూ మాత్రం తర్వాత ఇరవై ఏళ్ళూ ఒకటే మాట: "జమీన్ కే నీచే హై బేటా. నా కళ్ళతో చూశాను."

2005 నాటికి నేను విజయవాడలో ఒక పత్రిక డెస్కులో సబ్ ఎడిటర్‌ని. పదో తరగతి దాకా అలిఫ్ బే చదివి, ఆ తర్వాత తెలుగులో డిగ్రీ తెచ్చుకున్నవాణ్ణి కాబట్టి డెస్కులో నా తెలుగు మీద నలుగురి కళ్ళూ ఉండేవి. హెడ్డింగు బాగుందని ఎవరైనా అంటే ఆ రోజు నాకు ఈద్. జూన్ నెలలో గుజరాత్ నుంచి వార్త వచ్చింది. ఆ రాష్ట్ర ప్రభుత్వ సంస్థ జీఎస్‌పీసీకి మన తీరంలో ఉన్న బ్లాకులో భారీగా గ్యాసు దొరికిందని అప్పటి ముఖ్యమంత్రి ప్రకటించారు. ఏజెన్సీ కాపీలో అంచనా అనే మాట ఉంది. మూడు కాలమ్‌లలో పట్టలేదు. తీసేశాను.

తర్వాత ఆ లెక్క ఏమయిందో పాఠకుల్లో తెలిసినవాళ్ళు ఉంటారు. 20 అన్నది పదోవంతు దగ్గరికి వచ్చి ఆగింది. చివరికి 2017లో ఆ బ్లాకులో 80 శాతం వాటాను ఓఎన్‌జీసీ కొనుక్కుంది. దానికి పొరుగున, రిలయన్స్ వారి కేజీ డీ6 కథా దాదాపు అదే దారి. 2009 ఏప్రిల్‌లో గ్యాసు మొదలైంది, మరుసటేడు పొంగింది, ఆ తర్వాత బావుల్లోకి నీళ్ళూ ఇసకా. ప్రధాన క్షేత్రాల్లో 10 ట్రిలియన్ అన్న నిల్వ 2012లో 3 చుట్టూకి దిగింది. ఆ గ్యాసు వస్తుందని గోదావరి జిల్లాల్లో కట్టిన కరెంటు ప్లాంట్లు పొయ్యి వెలగని వంటిళ్ళలా మిగిలాయి. ఇవి కొండలాంటి సంస్థలు, తట్టుకున్నాయి.

మామూ కొన్నది కొండని కాదు. జీఎస్‌పీసీ షేర్లు బజార్లో లేవు. కాబట్టి ఆ చుట్టుపక్కల బ్లాకుల్లో చిన్న వాటా ఉన్న ఒక కంపెనీ వెతికారు. ఆయన ఒక్కరే కాదు, కోనేరు సెంటర్ దగ్గర షేర్ బ్రోకర్ మేడ మీద ఒక జమాతే ఉండేది. రిటైరైన తెలుగు మాస్టారొకరు, మందుల షాపాయన, ఎల్ఐసీ ఆఫీసరు, మా మామూ. అసర్ చదువుకుని మామూ మెట్లెక్కేసరికి వాళ్ళు చాయ్ చెప్పి ఉంచేవారు. "రండి సాయిబు గారూ, మన బావి ఎంతవరకు దిగింది?" మన బావి. ఆ మాటలో ఉన్న మజా వేరు. నలుగురూ జీవితంలో సొంత బోరు కూడా వేయించినవాళ్ళు కారు.

వాళ్ళ మాటల్లో తప్పకుండా కెయిర్న్ పేరు వచ్చేది. స్కాట్లాండ్‌లో చిన్న కంపెనీ. 1996లో కమాండ్ పెట్రోలియం అనే కంపెనీని కొని, మన సూరసాని యానాం తీరంలోని రవ్వ చమురు క్షేత్రాన్ని చేతికి తెచ్చుకుంది. రాజస్థాన్ ఎడారిలో షెల్ లాంటి జగజ్జెట్టీ విసిగి వదిలేసిన చోట తవ్వుతూ తవ్వుతూ 2004లో మంగళ క్షేత్రం దొరకబుచ్చుకుంది. ఆ ఏడే లండన్‌లో మొదటి వంద కంపెనీల్లోకి ఎక్కింది. ఇది అక్షరాలా నిజం. నిజం కాబట్టే ప్రమాదం. ప్రతి చిన్న కంపెనీ షేరుదారు గుండెలోనూ ఒక మంగళ ఉంటుంది. లీసెస్టర్ గోడౌన్‌లో మా వాడు ఈ కథ నాకు కొత్తగా చెప్పబోయాడు. మీ అబ్బా దగ్గర విన్నానురా అన్నాను.

మామూ కంపెనీ బావిలో "ఆనవాళ్ళు" కనిపించాయి. ఆనవాళ్ళు అంటే అమ్మేంత సరుకు కాదని చెప్పడానికి ఆ మేడ మీద ఎవరూ లేరు. తర్వాత రెండో బావి, దానికి డబ్బు కావాలి. 2008 మొదట్లో బజారే కూలింది. లక్షా ఇరవై వేలు పెట్టిన మామూ చేతికి పదకొండు వేలు వచ్చాయి. పెద్దమ్మాయి నికా జహేజ్ డబ్బది. ముమానీ గాజులు వెళ్ళాయి. ఆ ఏడాది నికాలో ఆవిడ చేతికి మామూ దుకాణంలో గాజులే. ఎవరూ కనిపెట్టలేదు, పూత అంత బాగా వేశారు. మామూ 2014లో పోయారు. నా హెడ్డింగు సంగతి ఆయనతో నేనెప్పుడూ చెప్పలేదు. సబ్ ఎడిటర్ పేరు కింద ఉండదు కదా.

మరుసటి ఆదివారం బందరు వెళ్ళాను. ముమానీ దస్తర్‌ఖాన్ పరిచి ఖట్టీ దాల్, కీమా పెట్టింది. కొడుకు అడిగింది చెప్పాను. "తేల్ నికల్యా క్యా?" అంది. ఇంకా లేదన్నాను. "ఫిర్ పైసే కాహే కో?"

ఆ ప్రశ్నకి జవాబు చెప్పడానికే గంట పట్టింది. ఇలాంటి కంపెనీకి ఆమ్దానీ లేదు ముమానీ, ఖర్చే ఉంది. బ్యాంకు అప్పివ్వదు, చూపించడానికి బావిలో ఏమీ లేదు కాబట్టి. అందుకని కొత్త షేర్లు అచ్చేసి తక్కువ ధరకి అమ్ముతుంది. నీ దగ్గర నాలుగు లక్షల షేర్లు అలాగే ఉంటాయి, కంపెనీ మొత్తం షేర్లు రెట్టింపవుతాయి, బావిలో నీ వాటా సగమవుతుంది. ఆవిడ దాల్ గిన్నె వైపు చూసింది. "మెహమాన్లు వచ్చినప్పుడల్లా నీళ్ళు పోస్తారన్న మాట."

ఇక్కడే ఒక చిత్రం ఉంది, మన ఇళ్ళల్లో ఆలోచించాల్సింది. షేర్లలో హలాల్ ఏదో తేల్చే బోర్డులు కంపెనీ అప్పు ఎంతో చూస్తాయి. లెక్క ఒక్కో బోర్డుది ఒక్కో రకం, మూడో వంతు దగ్గర గీత గీసేవాళ్ళు ఎక్కువ. అప్పు పుట్టని కంపెనీ ఆ గీత కింద హాయిగా దూరిపోతుంది. షరాబు లేదు, సూద్ లేదు, సినిమా లేదు. హలాల్ ముద్ర పడిపోతుంది. మా వాడి వాదన అదే: "బ్యాంకులో పడుంటే గునా, ఇందులో పెడితే జాయెజ్." వాడిది బుకాయింపు కాదు, నమ్మకం. సూద్‌కి భయపడి బంగారం, జాగా, కమిటీల మధ్య తిరిగే మన డబ్బుకి ఈ తలుపు తెరిచి ఉన్నట్టు కనిపిస్తుంది.

జుహర్ తర్వాత మా మసీదు మౌలానా సాబ్‌ని అడిగాను. షేర్ అంటే కంపెనీలో షిర్కత్, లాభనష్టాల్లో పొత్తు, అది జాయెజే అన్నారాయన. తర్వాత గరర్ గురించి చెప్పారు. ఏం కొంటున్నామో, ఉందో లేదో తెలియని బేరం. ఫిఖ్ కితాబుల్లో దానికి మిసాల్ నీళ్ళలో ఉన్న చేప, గాల్లో ఉన్న పిట్ట. "మీ తమ్ముడు కొంటున్నది కంపెనీనా, కబురా?" అని అడిగి చెప్పులేసుకుని వెళ్ళిపోయారు.

ఆ రాత్రి వాడితో చాలాసేపు మాట్లాడాను. నేల కింద ఉన్నదానికీ పైకి వచ్చేదానికీ తేడా చెప్పాను. 2015 ఏప్రిల్‌లో, వాడింకా ఆ దేశం వెళ్ళకముందు, గాట్విక్ విమానాశ్రయం పక్కన హార్స్ హిల్ బావి గురించి యూకే ఆయిల్ అండ్ గ్యాస్ అనే చిన్న కంపెనీ చేసిన ప్రకటన వెతికి చదివించాను. ఆ ప్రాంతమంతా కలిపితే 10 వేల కోట్ల బ్యారెళ్ళు ఉండొచ్చని పెద్దాయన బీబీసీతో అన్నాడు. అందులో తీయగలిగేది 3 నుంచి 15 శాతమేనని ఆయనే అన్నాడు, కానీ షేరు ఎగిరింది పెద్ద అంకె విని. తమ లైసెన్సు బయటి నేలని తాము లెక్క కట్టలేదని తర్వాత కంపెనీ వివరణ ఇచ్చుకుంది. ఫాక్‌లాండ్స్ దగ్గర డిజైర్ అనే కంపెనీ 2010 డిసెంబర్‌లో చమురు తగిలిందంది, కొద్ది రోజులకే నీళ్ళంది. అక్కడే అదే ఏడు రాక్‌హాపర్ కంపెనీకి నిజంగానే చమురు దొరికింది. 2024 చివరికి కూడా ఒక్క బ్యారెల్ అమ్ముకోలేదు. చమురు దొరకడం, డబ్బు కావడం రెండు వేర్వేరు ఉమ్రలు.

"ఇవన్నీ మాకూ తెలుసు భాయిజాన్" అన్నాడు వాడు. తెలుసు. అదే నన్ను ఆపింది. బందరు మేడ మీద వాళ్ళకి తెలియదు అనుకునేవాణ్ణి. బహుశా మాస్టారికీ తెలుసు, మామూకీ తెలుసు. పూత పని చేసే మనిషికి తెలియకుండా ఉంటుందా? నలుగురు కూర్చుని మన బావి అనుకునే ఆ గంట కోసం తెలిసినదాన్ని పక్కన పెట్టారేమో.

అప్పుడు చెప్పాను. నీ ఫోన్లో ఉన్న ఆ హెడ్డింగు నేను పెట్టింది. అంచనా అనే మాట కొట్టేసింది నేను. మీ అబ్బా ఆ ముక్క కత్తిరించుకుని మేడెక్కారు.

అవతల చాలాసేపు గోడౌన్ ట్రాలీల చప్పుడే వినిపించింది.

"అబ్బాకి తెలుసా?"

"లేదు."

"చెప్పాల్సింది భాయిజాన్" అన్నాడు. కోపం లేదు గొంతులో. ఉంటే బాగుండేది. "బ్రేక్ అయిపోయింది" అని పెట్టేశాడు.

ముమానీ డబ్బు పంపలేదు. హజ్ నియ్యత్ చేసుకున్నది అమానత్, అది నాది కూడా కాదు అంది, అంతే. నేను నచ్చజెప్పే పని పడలేదు, వద్దనే పనీ పడలేదు. వాడి ఆరు వేల పౌండ్లు మాత్రం అందులోనే ఉన్నాయి, ఎంత చెప్పినా తీయలేదు.

నిన్న ఫజర్‌కి లేచి చూస్తే వాడి వాయిస్ మెసేజ్, తొమ్మిది సెకన్లు.

"షిప్పు కదిలింది భాయిజాన్. కంపెనీ ఇంకా ఏమీ చెప్పలేదు. అమ్మీకి చెప్పకండి."