బెజవాడ నుంచి, బందరు నుంచి

విజయవాడ, శుక్రవారం

నాన్నగారికి నమస్కారాలు.

క్షేమంగా చేరాను. పొద్దున్నే దుర్గమ్మ దర్శనం అయింది. ఆ తర్వాత రోజంతా మీరు తప్పక చూడమన్న జూబ్లీ భవనం దగ్గరే గడిచింది. ఇప్పుడు దాన్ని బాపు మ్యూజియం అంటున్నారు. బందరు రోడ్డు రద్దీలో ఉన్నా, లోపలికి అడుగుపెడితే చల్లగా ఉంది.

విక్టోరియా రాణి పాలనకు 50 ఏళ్లు నిండిన సందర్భంగా 1887లో దీనికి శంకుస్థాపన చేసింది రాబర్ట్ సీవెల్. విజయనగర సామ్రాజ్యం మీద పుస్తకం రాసిన ఆయనే. 1921లో అఖిల భారత కాంగ్రెస్ కమిటీ బెజవాడలో సమావేశమైనప్పుడు పింగళి వెంకయ్యగారు గాంధీజీకి జెండా చూపించింది ఇక్కడేనని చెబుతారు. రాణి పేరున కట్టిన గోడల మధ్య ఆమె సామ్రాజ్యాన్ని సాగనంపే జెండా! ఆ గదిలో నిలబడితే ఒళ్లు జలదరించింది. అల్లూరు నుంచి తెచ్చిన పాలరాతి రంగు బుద్ధుణ్ని చూస్తూ చాలాసేపు ఉండిపోయాను.

మరమ్మతులన్నీ చేసి 2020 అక్టోబరు 1న మళ్లీ తెరిచారు. ప్రతి తరమూ ఏదో ఒక పనికి వాడుకుంది కాబట్టే ఈ భవనం బతికిందని నాకనిపిస్తోంది.

మచిలీపట్నం, ఆదివారం

నాన్నగారూ,

ఉయ్యూరు, పామర్రు మీదుగా బస్సులో వచ్చాను. దారి పొడవునా వరిచేలు, కాలువ గట్లు. ఒకప్పుడు, కృష్ణ మీద ఆనకట్ట కట్టాక, బెజవాడ సరుకు కాలువ మీద పడవల్లోనే బందరు చేరేదట.

1605లో డచ్చివాళ్లు, 1611లో ఇంగ్లీషువాళ్లు వ్యాపారానికి దిగిన రేవు ఇది. 1864 నవంబరు 1 రాత్రి ఉప్పెనలో సుమారు 30 వేల మంది పోయారు. డచ్చి సమాధుల రాతిపలకల మీద అక్షరాలు, వంశ చిహ్నాలు ఇంకా చక్కగా కనిపిస్తున్నాయి. బందరు కోటలో మిగిలిన గోడలు చూస్తే మాత్రం కడుపు తరుక్కుపోయింది. ఇటుకల సందుల్లో రావి వేళ్లు దిగాయి. ఉప్పుగాలికి ఇటుక పొడిపొడిగా రాలుతోంది.

ఇలాంటి గోడకు సిమెంటు పూయకూడదని మీరెప్పుడూ అంటారు కదా. సిమెంటు తేమను బయటికి పోనివ్వదు. లోపల చిక్కిన ఉప్పు ఇటుకను తినేస్తుంది. గానుగలో ఆడించిన డంగు సున్నమైతే గోడను ఊపిరి పీల్చుకోనిస్తుంది. జూబ్లీ భవనానికి దొరికిన శ్రద్ధ ఈ కోటకూ దొరకాలి. గోడలు నిలబెట్టి, ఒక గదిలో రేవు చరిత్ర చెప్పే బొమ్మలూ పటాలూ పెడితే, మంగినపూడి బీచికి వచ్చేవాళ్లు ఇటూ ఓ పూట వస్తారు.

మీతో పనిచేసిన పాత మేస్త్రీల్లో డంగు సున్నం పని తెలిసినవాళ్లు ఎవరైనా ఉంటే కనుక్కుని రాయండి. వాళ్ల చేతి పని కుర్రాళ్లకు ఇప్పుడే అందాలి. అది పోయాక కోటకు ఎంత డబ్బు మంజూరైనా లాభం లేదు.

మీ అమ్మాయి