వెనకున్నోడి కళ్లు

సైకిల్ ఒక్కడే తొక్కుడు వేరు, గుంపుల తొక్కుడు వేరు. ఒక్కడివైతే నీ మర్జీ. గుంపుల నీ వెనకున్నోడికి రోడ్డు కనపడది, నీ వెనక చక్రమే కనపడ్తది.

ఫజర్ అయినంక జమ్మికుంట నుంచి హుజూరాబాద్ తొవ్వ పడతం, ఏడుగురం. ఇద్దరు సార్లు, పత్తి మార్కెట్ గుమాస్తా ఒకాయన, ఇంటర్ పోరగాళ్లు ఇద్దరు, నేను, మా చాచా. అందరివీ గేర్ల సైకిళ్లు. చాచాది షాదీ నాటి అట్లాస్.

ముందున్నోడు గాలిని చీల్చుకుంట పోతే వెనకోడి మెహనత్ తగ్గుతది. రేసుల స్పీడుకైతే దాదాపు మూడో వంతు. మా నడకకు అంత ఫాయిదా లేదుగానీ, ఎదురుగాలి కొట్టిననాడు చాచా మోకాళ్లనడగండి, చెప్తయి! అందుకే వంతులు పెట్టుకున్నం. ముందున్నోడు వెనక్కి చూసి, కుడికి జరిగి, నెమ్మదిగ లైన్ చివరకొస్తడు. కొత్తగ ముందుకొచ్చినోడు జోష్‌ల స్పీడు పెంచొద్దు. పోరగాళ్లకు ఇది ఎక్కనే ఎక్కది. ఇమామత్ చేసేటోడు నమాజ్ హల్కాగ చదివించాలె, వెనక బీమార్లు, బుజుర్గులు ఉంటరని హదీసు. మసీదుల తలూపుతరు, హ్యాండిల్ పట్టంగనే మర్చిపోతరు.

కిందటి నవంబర్ల రోడ్డు సగం మీద వడ్లు ఆరబోసిన్రు. చుట్టూత రాళ్లు. ముందున్న పోరడు రాళ్లు చూసి, చెయ్యి ఊపకుండ, నోరు తెరవకుండ చటుక్కున పక్కకు కోసిండు. వెనకే చాచా. సైకిల్ రాళ్లెక్కింది, ఆయన రోడ్డు నడుమ పడ్డడు. పత్తి ట్రాక్టర్ ఒకటి బ్రేకేసి, ఆయన కాళ్లకు రెండు గజాల దూరంల ఆగింది. అల్లా బచాయించిండు. మోచెయ్యి చెక్కుకపోయింది, అంతే.

పోరడు ఏడుపు మొఖం పెట్టిండు. చాచా కుర్తా దులుపుకుంట అన్నడు: "నువ్వు చూసినవ్ బేటా. నేను చూడలే. జర చెప్తే అయిపోవు."

గప్పటిసంది చాచా జాగ రెండోది. అట్లాస్ చైన్‌కవర్ టకటకమంటది. ముందున్నోడు ఆ చప్పుడు వినుకుంట తొక్కాలె, చప్పుడు దూరమైతే కాళ్లు సడలించాలె. గంట, మీటర్ ఏవీ అక్కర లేదు.

ఇగ ఆ పోరడు ముందున్ననాడు మాకు చెవులు పోతయి. గుంత, రాయి, కుక్క... మొన్నైతే "చాచా, పేడ!" అని గట్టిగ ఒర్రిండు. పేడ రోడ్డుకు అవతల దిక్కున్నది.